దర్శనాల సంఖ్య నుంచి పి-విలువ దాకా: తిరుపతి డిగ్రీ క్లాసులో ఒక స్టాటిస్టిక్స్ ప్రాజెక్టు

తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో డేటా సైన్స్ మొదటి ఏడాది పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్తాను. ఈ కేసు ఆ క్లాసులోని ఒక గ్రూపుది. గ్రూపులో నలుగురు. ఇద్దరు ఇంటర్‌లో ఎంపీసీ, ఒకరు బైపీసీ, ఒకరు సీఈసీ. ఒకమ్మాయిది తిరుపతి, ఒకమ్మాయిది శ్రీకాళహస్తి, అబ్బాయిల్లో ఒకరిది చంద్రగిరి, ఇంకొకరిది పుత్తూరు పక్కన పల్లె. సెమిస్టర్ మొత్తానికీ ఒకే డేటా, ఒకే ప్రశ్న పెట్టుకుని వాళ్లు పనిచేశారు. ఎక్కడ ముందుకెళ్లారో, ఎక్కడ ఆగిపోయారో వివరంగా రాస్తున్నాను. మొదటి స్టాటిస్టిక్స్ కోర్సు చెప్పేవాళ్లకీ, చదివేవాళ్లకీ పనికొస్తుందని నా నమ్మకం.

వచ్చినప్పుడు ఎలా ఉన్నారు

ఎంపీసీ పిల్లలకు లెక్క కొత్త కాదు. ఇంటర్ రెండో ఏడాది గణితంలో విస్తరణ కొలతలు, సంభావ్యత, యాదృచ్ఛిక చలరాశులు అన్నీ చదివారు. ఎంట్రన్స్ కోసం వందల బిట్లు చేశారు. విచలనం కనుక్కోమంటే కళ్లు మూసుకుని చేస్తారు. సీఈసీ అమ్మాయి మాత్రం సిగ్మా గుర్తు చూస్తేనే టెన్షన్ పడేది.

కోర్సు మొదలుపెట్టే ముందు అందరికీ ఒక ప్రశ్న ఇస్తాను. ఒక వీధిలో కుటుంబాల నెల ఆదాయం సగటు ముప్పై వేలు. అంటే సగం కుటుంబాలకు ముప్పై వేల కన్నా ఎక్కువ వస్తున్నట్టేనా? ఎంపీసీ వాళ్లిద్దరూ వెంటనే అవునన్నారు. సీఈసీ అమ్మాయి కాసేపు ఆలోచించి, "ఆ వీధిలో ఒక్క పెద్ద షాపు ఓనరు ఉంటే మేడం?" అంది. ఫార్ములా రాని అమ్మాయికి వచ్చిన అనుమానం, ఫార్ములా వచ్చినవాళ్లకు రాలేదు. ఇది ప్రతి బ్యాచ్‌లోనూ చూస్తున్నదే. పిల్లలు లెక్క చేయడం నేర్చుకుని వస్తారు. లెక్కలో వేసే అంకె ఎక్కడి నుంచి వచ్చిందని అడగడం ఎవరూ నేర్పి ఉండరు.

మొదటి కోర్సులో ముందుగా నేర్పాల్సింది ఆ అడగడమే అని నేను గట్టిగా నమ్ముతాను. సంభావ్యత సూత్రాలు, నార్మల్ డిస్ట్రిబ్యూషన్ పట్టికలు ఆ తర్వాత వచ్చినా నష్టం లేదు. సిలబస్‌లో వరుస వేరుగా ఉంటుంది, నిజమే. యూనిట్లు పూర్తి చేస్తూనే, ప్రాజెక్టును మాత్రం నా వరుసలో నడిపిస్తాను.

డేటా ఎంపిక

మామూలుగా డేటా సైన్స్ మొదలుపెట్టేవాళ్లు ఐరిస్ పూల డేటాతో మొదలుపెడతారు. 150 పూలు, మూడు జాతులు, స్టాటిస్టిషియన్ ఫిషర్ 1936లో వాడిన కొలతలు. మంచి డేటానే. కానీ ఆ పువ్వును మా పిల్లలు ఎవరూ చూడలేదు. పైగా అంకెలన్నీ శుభ్రంగా, వరుసగా పేర్చి ఉంటాయి. ఫైలు దింపుకుని ఐదు లైన్ల కోడ్ కొడితే గ్రాఫు వచ్చేస్తుంది. అక్కడ ప్రశ్నించడానికి ఏమీ మిగలదు.

అందుకే మన ఊరి అంకె తీసుకోమన్నాను. తిరుపతి ఎడిషన్ పేపర్ ఏది తెరిచినా ఒక చిన్న వార్త ఉంటుంది. శ్రీవారిని దర్శించుకున్నవారు ఇంతమంది, తలనీలాలు సమర్పించినవారు ఇంతమంది, హుండీ ఆదాయం ఇంత, టోకెన్లు లేనివారికి సర్వదర్శనానికి ఇన్ని గంటలు పడుతోంది. టీటీడీ రోజూ చెప్పే లెక్క ఇది. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లు ఆ వార్తను చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉంటారు, ఎవరూ ఆగి చదవరు. ఈ నలుగురూ దాన్నే ఎంచుకున్నారు. వాళ్లు పెట్టుకున్న ప్రశ్న: వారంలో ఏ రోజు జనం ఎక్కువ, జనం పెరిగితే హుండీ కూడా పెరుగుతుందా?

కాలేజీ లైబ్రరీలో పాత పేపర్ల కట్టలు ఉన్నాయి. వాటి ముందు కూర్చుని, ఏడాది అంకెలు చేత్తో రాసుకుని ఎక్సెల్‌లోకి ఎక్కించారు. వెబ్‌సైట్ నుంచి ఒకేసారి లాగేసే కోడ్ రాయొచ్చు కదా అని చంద్రగిరి అబ్బాయి అడిగాడు. వద్దన్నాను. ఒక్కో అంకెనూ చేత్తో రాస్తున్నప్పుడు కలిగే అనుమానాలు కోడ్‌తో లాగితే రావు. అసలు పాఠం ఆ అనుమానాల్లోనే ఉంది.

సోమవారం జనం

మొదటి గ్రాఫు ఎంత విలువైన పాఠం ఇచ్చిందో చెప్పాలి. వారం రోజులవారీగా సగటు కట్టి బార్లు గీశారు. ఆదివారం, సోమవారం ఎత్తుగా వచ్చాయి. శనివారం మామూలుగా ఉంది. పుత్తూరు అబ్బాయి దానికి కారణం కూడా తయారుచేశాడు: "ఆదివారం బయల్దేరి సోమవారం దర్శనం చేసుకుంటారేమో మేడం." వినడానికి బాగానే ఉంది. తిరుపతి అమ్మాయి ఒప్పుకోలేదు. "శనివారం స్వామివారి వారం. ఆ రోజు కొండకి బస్సు దొరకదు. ఇందులో ఏదో తేడా ఉంది" అంది.

మళ్లీ పేపర్ల దగ్గరికి వెళ్లి చూశారు. వాళ్లు రాసుకున్నది పేపర్ తేదీ. వార్తలోని అంకె అంతకు ముందు రోజుది. కొన్ని పేపర్లలో రాత్రి ముద్రణ సమయానికి ఆ రోజు లెక్క పూర్తికాదు కాబట్టి ఇంకో రోజు వెనకది వేస్తారు. ఇంకా చిక్కేమిటంటే, అదే వార్తలోని క్యూ పరిస్థితి మాత్రం పేపర్ అచ్చుకు వెళ్లే సాయంత్రానిది. ఒకే బాక్సు వార్తలో రెండు వేర్వేరు రోజుల అంకెలు! వార్త వాక్యంలో వారం పేరు ఉంటుంది, పైనున్న తేదీని కాదు, దాన్ని రాసుకోవాలి. తేదీలు సరిచేసి మళ్లీ గీస్తే బార్లు శనివారం, ఆదివారం దగ్గరికి వచ్చి నిలబడ్డాయి.

పుత్తూరు అబ్బాయి చెప్పిన కారణం గురించి క్లాసులో ఎక్కువసేపు మాట్లాడాను. తప్పు గ్రాఫుకి కూడా నమ్మదగిన కథ ఒకటి ఎప్పుడూ దొరుకుతుంది. అలాంటప్పుడు ఆ ఊరు తెలిసినవాళ్ల మాట వినాలి. ఆ అమ్మాయికి ఆ పూట ఏ పరీక్షా సూత్రమూ అవసరం పడలేదు. కొండకి వెళ్లే బస్టాండు గుర్తుంటే చాలింది.

డేటా ఎక్కించడంలో ఇంకొన్ని తేలాయి. హుండీ ఒక చోట కోట్లలో, ఒక చోట లక్షల్లో ఉంది. మన పద్ధతి కామాలతో ఉన్న కొన్ని అంకెలను ఎక్సెల్ అంకెగా కాక అక్షరాలుగా తీసుకుంది, సగటులో అవి చేరనే లేదు. కొన్ని రోజులు ఖాళీ. ఆ ఖాళీలు ఎలాంటివో చూడమన్నాను. సంక్రాంతి, ఉగాది, దసరా, దీపావళి. పండక్కి పేపర్ ఆఫీసులకు సెలవు కాబట్టి మర్నాడు పేపర్ రాదు. అంటే దొరకని రోజులు ఏవో కొన్ని మామూలు రోజులు కావు, సరిగ్గా పండగ రోజులే. జనం ప్రత్యేకంగా ఉండే రోజులే డేటాలోంచి జారిపోతున్నాయి. డేటా పోవడంలో రకాలు ఉంటాయని పుస్తకంలో పెద్ద పేర్లతో ఉంటుంది. ఆ పేర్లు తర్వాత చెప్పాను, పిల్లలకు విషయం అప్పటికే అర్థమైంది. ఆ రోజుల అంకెలను టీవీ వార్తల ఆన్‌లైన్ పేజీల్లో వెతికి నింపారు, ఎక్కడ దొరికిందో పక్క కాలమ్‌లో రాశారు.

ఖాళీకి సున్నా వేయొద్దని కూడా అక్కడే చెప్పాను. 2020 మార్చి 20న కోవిడ్ వల్ల దర్శనాలు ఆగిపోయి, జూన్‌లో పరిమిత సంఖ్యతో మళ్లీ మొదలయ్యాయి. ఆ మధ్య రోజుల సున్నా నిజమైన సున్నా. పేపర్ రాని రోజు సున్నా కాదు, మనకు తెలియనిది. ఈ రెంటినీ ఒకే గడిలో ఒకే అంకెతో నింపితే సగటుకు అర్థం పోతుంది.

సగటు, మధ్యగతం

ఇక్కడ ఎక్కువ సమయం పట్టలేదు. ఊహించి రాసిన ఏడు అంకెలు బోర్డు మీద వేశాను, వేలల్లో: 62, 65, 64, 58, 57, 78, 80. సగటు 66.3, మధ్యగతం (వరుసలో పేరిస్తే సరిగ్గా నడిమధ్య వచ్చే అంకె) 64. తర్వాత 65 బదులు చెయ్యి జారి 650 కొట్టారనుకోండి. సగటు 149.9కి ఎగిరింది. మధ్యగతం 64 దగ్గరే ఉంది. మొదటి క్లాసులో షాపు ఓనరు గురించి అడిగిన అమ్మాయి, "అదే కదా మేడం నేను అన్నది" అంది. అవును, సరిగ్గా అదే.

అలాగని మధ్యగతమే మంచిదని తీర్మానించకూడదు. ఏడాదికి మొత్తం ఎంతమంది, ఎన్ని లడ్డూలు కావాలి అని లెక్క వేసేవాళ్లకు సగటే కావాలి, ఎందుకంటే సగటును రోజుల సంఖ్యతో గుణిస్తే మొత్తం వస్తుంది, మధ్యగతాన్ని గుణిస్తే రాదు. ఏది వాడాలో ప్రశ్నే చెప్తుంది.

తక్కువ వచ్చిన రోజులు

నాకు ఈ కేసులో అన్నిటికన్నా నచ్చిన భాగం ఇది.

వారం రోజులవారీగా బాక్స్ ప్లాట్ (అంకెల్లో మధ్య సగం ఒక పెట్టెలో, మరీ దూరమైనవి విడి చుక్కలుగా కనపడే గ్రాఫు) గీయగానే రెండు విషయాలు బయటపడ్డాయి. మంగళవారాల్లో కొన్ని చుక్కలు కిందికి విడిగా పడ్డాయి. గురు, శుక్రవారాల బాక్సులు మొత్తంగానే కాస్త కిందికి ఉన్నాయి.

విడిగా పడ్డ చుక్కలను తీసేద్దామా అన్నది మొదట వచ్చిన ప్రశ్న. బాక్సు రెండు అంచులనూ చతుర్థకాలంటారు, వాటి మధ్య దూరానికి ఒకటిన్నర రెట్ల కన్నా ఎక్కువగా అంచు నుంచి బయటికి పడ్డ చుక్కను అవుట్‌లయర్ అంటారని వాళ్లు చదివారు, అవుట్‌లయర్ అంటే తీసేయాలని ఎక్కడో విన్నారు. తీసే ముందు ఆ తేదీల్లో ఏం జరిగిందో చూడమన్నాను. చూస్తే అవి కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం జరిగిన మంగళవారాలు. ఉగాది, ఆణివార ఆస్థానం, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశికి ముందు వచ్చే మంగళవారం ఆలయమంతా శుద్ధి చేస్తారు, ఉదయం కొన్ని గంటలు దర్శనం ఆపుతారు. గ్రహణం రోజులూ ఇలాంటివే. 2022 అక్టోబర్ 25న సూర్యగ్రహణానికి, నవంబర్ 8న చంద్రగ్రహణానికి ఆలయం తలుపులు ఇంచుమించు సగం రోజు మూసి ఉంచారు. ఆ అంకెలు తప్పులు కావు. వాటికి కారణం ఉంది, ఆ కారణం పంచాంగంలో ఉంది. తీసేయకుండా, "దర్శనం గంటలు తగ్గిన రోజు" అని ఒక కొత్త కాలమ్ పెట్టుకున్నారు.

గురు, శుక్రవారాల సంగతి ఇంకా లోతుగా వెళ్లింది. పుత్తూరు అబ్బాయి రిపోర్టులో "గురు, శుక్రవారాల్లో భక్తులు తక్కువగా వస్తారు" అని రాశాడు. చంద్రగిరి అబ్బాయి నాన్న కొండకి టాక్సీ నడుపుతాడు. వాడు అన్నాడు: "లేదు మేడం, మా నాయనకి గురువారం సాయంత్రం బాడుగలేమీ తగ్గవు. గురువారం తిరుప్పావడ సేవ, శుక్రవారం పొద్దున్నే అభిషేకం. దర్శనం టైమే తగ్గుతుంది, జనం కాదు."

అక్కడి నుంచి చర్చ ఆగలేదు. పేపర్లో వేసేది కొండకి వచ్చినవారి సంఖ్య కాదు, దర్శనం చేసుకుని బయటికి వచ్చినవారి సంఖ్య. ఆలయం లోపలికి గంటకి ఇంతమంది అనే పరిమితి ఉంది. జనం ఎంత పెరిగినా ఆ సంఖ్య ఒక హద్దు దాటదు. పెరిగేది క్యూ. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్లు నిండి, శిలాతోరణం దాకా లైను వెళ్లిన రోజు కూడా దర్శనాల సంఖ్య మామూలు శనివారం లాగే ఉండొచ్చు. కాబట్టి రద్దీ తెలియాలంటే దర్శనాల సంఖ్య కన్నా నిరీక్షణ గంటలు మంచి కొలత.

మనం కొలుస్తున్నాం అనుకున్నదీ, నిజంగా కొలిచిందీ వేరు కావడం స్టాటిస్టిక్స్‌లో పెద్ద విషయం. ఆసుపత్రిలో పడకలు నిండాక రోగుల సంఖ్య పెరగదు, అంతమాత్రాన జబ్బు ఆగినట్టు కాదు. అన్ని టికెట్లూ అమ్ముడైన బస్సుకు గిరాకీ ఎంతో టికెట్ల సంఖ్య చెప్పదు. ఈ ఉదాహరణలు పిల్లలే చెప్పారు, నేను బోర్డు మీద రాసుకుంటూ పోయాను.

శ్రీకాళహస్తి అమ్మాయి ఒక పరీక్ష ప్రతిపాదించింది. తలనీలాల సంఖ్యకు ఆలయం లోపలి సమయంతో సంబంధం ఉండదు కదా, గురు, శుక్రవారాల్లో అదీ తగ్గితే జనం నిజంగానే తగ్గినట్టు, తగ్గకపోతే దర్శనం సమయమే కారణం. మొదటి ఏడాది పిల్ల ఇలా ఆలోచించడం చూసి నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. చేసి చూశారు. ఫలితం స్పష్టంగా తేలలేదు. తలనీలాలు ఇచ్చినవాళ్లు అదే రోజు దర్శనం చేసుకుంటారన్న హామీ లేదు, రద్దీ రోజుల్లో మర్నాటికి జరగొచ్చు. రిపోర్టులో "మా దగ్గరున్న డేటాతో తేల్చలేకపోయాం, కారణం ఇదీ" అని రాయించాను. ఆ వాక్యానికి మార్కులు పూర్తిగా ఇచ్చాను.

సహసంబంధం తక్కువ వచ్చింది, మరి?

దర్శనాలకూ హుండీకీ మధ్య సహసంబంధ గుణకం (రెండూ ఎంతవరకు సరళరేఖలో కలిసి కదులుతాయో చెప్పే అంకె) కడితే చిన్న అంకె వచ్చింది. "సంబంధం లేదు" అని రాయబోయారు.

రెండు విషయాలు చెప్పాను. ఒకటి, గ్రాఫు చూడకుండా గుణకాన్ని నమ్మొద్దు. స్టాటిస్టిషియన్ ఆన్‌స్కోంబ్ 1973లో ఇచ్చిన నాలుగు డేటా సెట్లను అందరి చేతా గీయించాను. నాలుగింటిలోనూ ఎక్స్ సగటు 9, వై సగటు 7.5, గుణకం 0.816, రేఖ కూడా ఒకటే: వై = 3 + 0.5 ఎక్స్. గీస్తే ఒకటి మామూలు చుక్కల గుంపు, ఒకటి వంపు, ఒకదాంట్లో ఒక్క చుక్క రేఖను పక్కకి లాగేస్తోంది, ఇంకోదాంట్లో ఒక్క చుక్క లేకపోతే రేఖే లేదు. ఫోన్‌లో గీసిన గ్రాఫులు పక్కపక్కన పెట్టుకుని చూసుకున్నప్పుడు క్లాసంతా కాసేపు గోల.

రెండోది, హద్దు విషయం. దర్శనాల సంఖ్య ఎక్కువ రోజులు ఒక ఇరుకైన పరిధిలోనే తిరుగుతుంది, పైన హద్దు ఉంది కాబట్టి. ఒక చలరాశి కదలడానికే చోటు లేనప్పుడు సహసంబంధం చిన్నదిగా వస్తుంది. ఎత్తు పెరిగితే బరువు పెరుగుతుందన్నది నిజమే అయినా, ఒకే ఎత్తువాళ్లను పది మందిని తీసుకుంటే అది కనపడదు. పైగా హుండీలో వేసిన రోజు, పరకామణిలో లెక్కించిన రోజు ఒకటేనా అన్న ప్రశ్న కూడా పిల్లలే లేవనెత్తారు. సరిగ్గా ఒకటే కాకపోతే, జతకట్టిన అంకెలే సరైన జత కావు. ఒక రోజు జరిపి కూడా చూశారు. రిపోర్టులో "సంబంధం లేదు" అన్న మాట పోయి, "ఈ కొలతలతో బలమైన సరళ సంబంధం కనపడలేదు" అన్న వాక్యం వచ్చింది. ఈ రెండు వాక్యాల మధ్య తేడా తెలిసిన విద్యార్థికి సగం కోర్సు వచ్చినట్టే.

చీటీలు

నమూనా సగటు ఊగుతుందన్నది పిల్లలకు చాలా కష్టమైన సంగతి. సగటు అంటే స్థిరమైన అంకె అని బడిలో నాటుకుపోయి ఉంటుంది. అదే ఊగుతుందనీ, ఆ ఊపుకి కూడా కొలత ఉందనీ అంటే నమ్మరు. ఇక్కడ కంప్యూటర్ పనికిరాదు, చేతులు కావాలి.

ఏడాది అంకెలను చిన్న చీటీల మీద రాసి డబ్బాలో వేశారు. ఒక్కొక్కరూ ఐదు చీటీలు తీసి, సగటు కట్టి, బోర్డు మీద గీత పైన చుక్క పెట్టాలి. తీసిన చీటీని మళ్లీ డబ్బాలో వేసి కలిపాకే తర్వాతిది తీయాలి. క్లాసంతా చేశాక చుక్కలు ఒక గుట్టలా కనపడ్డాయి. తర్వాత ఇరవై చీటీలతో అదే పని, ఇంకో రంగు చాక్‌పీస్‌తో. గుట్ట సన్నబడింది. ఎంత సన్నబడింది? నమూనా నాలుగు రెట్లయితే వెడల్పు సగం. ప్రామాణిక విచలనాన్ని వర్గమూలం ఎన్‌తో భాగించే సూత్రం అప్పుడు రాశాను. అలా వచ్చేదే ప్రామాణిక దోషం, అంటే నమూనా సగటు ఊపుకి కొలత. విచలనం 8 అనుకుంటే, 4 రోజులకు ప్రామాణిక దోషం 4, 16 రోజులకు 2, 64 రోజులకు 1. సీఈసీ అమ్మాయి ఆ సూత్రం చూసి భయపడలేదు, అది చెప్పే విషయం తన కళ్లతో బోర్డు మీద చూసింది కాబట్టి.

"ఇంకా మంచి పద్ధతి కనిపెడితే అదే నమూనాతో ఇంకా సన్నగా చేయొచ్చా మేడం?" అని ఎంపీసీ పిల్లల్లో ఒకరు అడిగారు. అందుకు సి.ఆర్. రావు గారి గురించి చెప్పాను. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివి, కలకత్తా వెళ్లి స్టాటిస్టిక్స్ పట్టుకున్న మన తెలుగాయన. 1945లో రాసిన పేపర్లో సరిగ్గా ఈ ప్రశ్నకే ఒక జవాబు ఇచ్చారు: పక్షపాతం లేని అంచనా విస్తృతిని, అంటే దాని ఊపుని, ఒక హద్దు కన్నా కిందికి తేలేమని. దాన్నే క్రామర్-రావు హద్దు అంటారు. 2023లో, నూటరెండేళ్ల వయసులో, ఆయనకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది, ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశారు. నిరూపణ మొదటి ఏడాదికి బరువు. కానీ అడిగిన ప్రశ్న ఎంత పెద్దదో ఆ అబ్బాయికి తెలియాలనిపించింది.

చీటీలతోనే పి-విలువ కూడా చెప్పాను. నాలుగు వారాంతపు అంకెలు, నాలుగు మామూలు రోజుల అంకెలు. వారాంతానికి ఏ ప్రత్యేకతా లేదనుకుందాం. అప్పుడు "వారాంతం" అన్న పేరు ఏ నాలుగింటికైనా పడొచ్చు. ఎనిమిదిలోంచి నాలుగు ఎంచుకునే విధాలు 70. పెద్దవైన నాలుగూ వారాంతానివే కావడం ఆ 70లో ఒకటి, అంటే సుమారు 0.014. ఫిషర్ 1935లో రాసిన ఎనిమిది టీ కప్పుల ప్రయోగంలోనూ ఇదే 70. పిల్లలు పేర్లు కలిపి, మళ్లీ పంచి, ఎన్నిసార్లు అంత తేడా వస్తుందో చూశారు. ఆ తర్వాత ఆ పనినే కంప్యూటర్‌తో వేలసార్లు చేయించారు.

ఆ 0.014 అంటే ఏమిటో చెప్పమంటే మాత్రం ఇప్పటికీ తడబడతారు. "వారాంతానికి ప్రత్యేకత లేకపోవడానికి 1.4 శాతం అవకాశం" అంటారు. కాదు. ప్రత్యేకత లేదనుకుంటే, కనీసం ఇంత తేడా రావడానికి ఉన్న అవకాశం అది. దాన్నే పి-విలువ అంటారు. 2016లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ పి-విలువ మీద ప్రత్యేకంగా ప్రకటన ఇవ్వాల్సి వచ్చిందంటే, పరిశోధకులే ఎంత తికమక పడుతున్నారో ఊహించుకోవచ్చు. నలుగురిలో ఇద్దరు వైవాలో సరిగ్గా చెప్పారు. మిగతా ఇద్దరు చెప్పలేకపోయారు. ఇది ఒక సెమిస్టర్‌లో తేలే విషయం కాదని నా అభిప్రాయం, రెండో ఏడాది మళ్లీ చెప్పాలి.

ఇంకో సంగతి. డబ్బాలోంచి తీసిన చీటీలకు ఒకదానితో ఒకటి సంబంధం లేదు. నిజం రోజులు అలా కావు. ఈ రోజు క్యూలో మిగిలినవాళ్లు రేపటి లెక్కలోకి వస్తారు. వేసవి సెలవుల్లో ముప్పై రోజులు వరుసగా తీసుకుంటే అవి ముప్పై విడి సాక్ష్యాలు కావు, అంతకన్నా చాలా తక్కువ. ప్రామాణిక దోషం సూత్రం అక్కడ మనల్ని ఉన్నదానికన్నా ఎక్కువ నమ్మకంగా చూపిస్తుంది. 1979లో స్టాటిస్టిషియన్ ఎఫ్రాన్ చెప్పిన బూట్‌స్ట్రాప్‌తో (ఉన్న డేటాలోంచే మళ్లీ మళ్లీ నమూనాలు తీసే పద్ధతి) అసలు సగటు ఏ రెండు అంకెల మధ్య ఉండొచ్చో చూపే అంతరాలు కట్టినప్పుడు రోజులను విడివిడిగా కాకుండా వారం వారంగా తీయించాను. అంతరం వెడల్పయింది. ఎందుకు వెడల్పయిందో వాళ్లే చెప్పారు.

పరికరాలు

ల్యాప్‌టాప్ ఉన్నది ఒక్కరికే. ఎక్సెల్ పని ల్యాబ్‌లో, పైథాన్ పని ఫోన్ బ్రౌజర్‌లో కొలాబ్ (ఆన్‌లైన్‌లో కోడ్ నడిపించే గూగుల్ పేజీ) తెరిచి చేశారు. చిన్న స్క్రీన్ మీద కష్టమే, కానీ జరుగుతుంది. కోడ్ కోసం చాట్‌జీపీటీని అడిగేవారు. వద్దనలేదు. ఒకటే నియమం పెట్టాను: ప్రతి లైను ఏం చేస్తుందో నోటితో చెప్పగలగాలి. ఖాళీ గడులున్న వరుసలను చెప్పాపెట్టకుండా తీసేసే లైను ఒకటి ఆ కోడ్‌లో వచ్చింది. పండగ రోజుల కోసం అంత కష్టపడ్డ శ్రీకాళహస్తి అమ్మాయి దాన్ని వెంటనే పట్టుకుంది.

చివరికి ఎక్కడ నిలబడ్డారు

మొదటి రోజు ప్రశ్నను వేషం మార్చి మళ్లీ ఇచ్చాను. మదనపల్లె మార్కెట్‌లో టమాట ఏడాది సగటు ధర ఇంత, రైతుకి ఏడాదిలో సగం రోజులు అంతకన్నా ఎక్కువే దొరికినట్టా? నలుగురూ కాదన్నారు. 2023 జులైలో కిలో వంద దాటిన రోజులు సగటును పైకి లాగేస్తాయని కారణం రాశారు. చంద్రగిరి అబ్బాయి ఇంకో మాట చేర్చాడు: ధర ఎక్కువున్న రోజుల్లో మార్కెట్‌కి వచ్చిన సరుకు తక్కువ, కాబట్టి రోజుల సగటు కాదు, అమ్మిన బరువును బట్టి కట్టిన సగటు కావాలి. అది నేను అడగలేదు.

యూనివర్సిటీ పరీక్షలో మాత్రం వీళ్లకి ప్రత్యేకంగా ఎక్కువ మార్కులేమీ రాలేదు. ఆ పేపర్‌లో నిర్వచనం రాయమంటారు, సూత్రం ఇచ్చి లెక్క కట్టమంటారు. ఎంపీసీ పిల్లలు ఎప్పటిలాగే రాశారు, సీఈసీ అమ్మాయి గట్టెక్కింది. ప్రాజెక్టు వల్ల లెక్క వేగం పెరగదు, అందుకు విడిగా సాధన చేయించాల్సిందే. ఆ సమయం ఎక్కడి నుంచి తేవాలన్నది నాకు ఇంకా తెగని సమస్య. ప్రస్తుతానికి ట్యుటోరియల్ గంటను రెండు ముక్కలు చేశాను, సగం బిట్లకు, సగం ప్రాజెక్టుకు.

ఈ ఏడాది కొత్త బ్యాచ్‌కి అదే డేటా ఇవ్వట్లేదు, పాత రిపోర్టు చేతులు మారుతుంది కాబట్టి. ఒక గ్రూపు ఉమ్మడి చిత్తూరు జిల్లా మండలాల వర్షపాతం తీసుకుంది. నైరుతి, ఈశాన్యం రెండూ వచ్చే ప్రాంతం, ఏడాది సగటు ఒక్కటి చెప్తే రైతుకి ఏమీ తెలియదు. ఇంకో గ్రూపు మామిడికాయల ధర. డేటా షీటులో మొదటి రోజు నుంచే నాలుగు కాలమ్‌లు తప్పనిసరి చేశాను: అంకె ఏ రోజుది, ఎక్కడ దొరికింది, ఎవరు కొలిచారు, ఆ రోజు ప్రత్యేకంగా ఏమైనా జరిగిందా. వర్షపాతం గ్రూపు మూడో కాలమ్ దగ్గరే ఆగింది. కొలిచే పరికరం మండల కేంద్రంలో ఉంటుంది, వాన పక్క ఊళ్లో పడుతుంది. ఆ కాలమ్‌లో ఏం రాయాలో ఇప్పుడు వాదించుకుంటున్నారు.